మేకుకు తగిలించిన ఉంగరం

మా ఇంట్లో మరిచిపోయేది ఎప్పుడూ నేనే. ఈ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టింది మా ఆయన. పెట్టి, ఫోను చూసుకుంటూ బాల్కనీలోకి వెళ్లిపోయాడు. నేను స్నానాలగదిలో ఉన్నాను. మాడువాసనకి తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చేసరికి పాలు గిన్నె అంచు దాటి, బర్నరు చుట్టూ నల్లగా అట్టకట్టి ఉన్నాయి. లోపలి గదిలోంచి అత్తయ్య "ఏం మాడిందిరా?" అని కేకేసింది. "ఏం లేదమ్మా, నీ కోడలు పాలు మరిచిపోయింది" అన్నాడు ఆయన. అబద్ధం ఆడుతున్నట్టు కూడా అనలేదు. బయట వాన పడుతోంది అన్నంత మామూలుగా అన్నాడు. "దాని ధ్యాస ఇంట్లో ఉంటేగా" అంది అత్తయ్య. నేను స్టీలు పీచు అందుకున్నాను.

పదమూడేళ్లుగా ఇదే వరస. కరెంటు బిల్లు కట్టడం ఆయన వంతు. గడువు దాటిపోతే మాత్రం, గుర్తుచేయడం నేను మరిచిపోయినట్టు. అత్తయ్య కళ్లజోడు అత్తయ్య నెత్తిమీదే ఉంటుంది. ఇల్లంతా తిరగేశాక, ఆ సంగతి ముందే చెప్పకపోవడం నా తప్పు. పాపను స్కూలు నుంచి తేవలసిన రోజున ఆయన కునుకు తీస్తే, ఫోను చేసి లేపడం నేను మరిచిపోయాను. మొదట్లో వాదించేదాన్ని. వాదిస్తే ఆ పూటంతా ఇద్దరూ మొహాలు మాడ్చుకుని తిరుగుతారు, వండింది చల్లారిపోతుంది, పాప బిక్కమొహం వేసుకుని నన్నే చూస్తుంది. "సరే, నేనే మరిచిపోయాను" అంటే చాలు, అందరూ కంచాల ముందు కూర్చుంటారు. అలా అనడం అలవాటైపోయింది. మా ఆయన చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు, పండ్లు నేను చెప్పినవే తెస్తాడు. ఒకసారి చుట్టాల ముందు మెచ్చుకున్నాడు కూడా. "ఏదైనా సరే ఒప్పేసుకుంటుంది, అదే దీనిలో గొప్ప గుణం" అన్నాడు. చుట్టాలు తలలూపారు. నేనూ సిగ్గులేకుండా నవ్వాను.

ఈ రోజు నా బ్యాగులో ఒక కాగితం ఉంది. అందులోనూ నేను మరిచిపోయానని టైపు చేసి ఉంది. నా సంతకం ఒక్కటే తక్కువ. మధ్యాహ్నంలోగా పెట్టి ఇవ్వాలి.

నేను చేసే పనేమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. "మందుల ఫ్యాక్టరీ" అంటారు. ఒకరకంగా అంతే. రోగి ఒంట్లో కాన్సరు ఎక్కడ దాక్కుందో స్కానులో కనపడాలంటే, ముందు నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. ఆ మందు రేడియేషన్ చిమ్ముతుంది, స్కాను మెషిన్ దాన్నే చూస్తుంది. కాని దాని బతుకు కొద్ది గంటలే. నిలవ పెట్టుకోవడానికి లేదు, ఏ రోజుది ఆ రోజు చేయాలి. చేసే యంత్రాన్ని సైక్లోట్రాన్ అంటారు. నిలువెత్తు మనిషి పడుకుంటే ఎంతో, అంత మందం కాంక్రీటు గోడల మధ్య ఉంటుంది. అది టార్గెట్ అనే బొటనవేలంత గిన్నె మీదికి కిరణాన్ని కొడుతుంది. ఆ గిన్నె మూతికి వెంట్రుక కన్నా పలచటి లోహపు రేకు ఉంటుంది. కొట్టగా కొట్టగా రేకు నీరసిస్తుంది, మార్చాలి. మార్చేది మెయింటెనెన్సు వాళ్లం. ఎనిమిదిమందిమి, అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

యంత్రం ఆపినా ఆ గిన్నె, ఆ రేకు ఆగవు. రేడియేషన్ కక్కుతూనే ఉంటాయి. కంటికి కనపడదు, వాసన రాదు, చురుక్కుమనదు. ఒక పగలూ ఒక రాత్రీ అలా వదిలేస్తే జోరు తగ్గుతుంది, మేం చల్లారడం అంటాం. చల్లారాకే లోపలికి పోవాలని మా భద్రతా నియమాల పుస్తకంలో ఉంది. తక్కువసేపు ఉండు, దూరంగా ఉండు, మధ్యలో సీసం అడ్డం పెట్టుకో అని కూడా ఉంది. పుస్తకం బంగారం లాంటిది. బంగారాన్ని ఏం చేస్తామో దాన్నీ అదే చేశారు, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆసుపత్రుల నుంచి ఆర్డర్లు పెరిగాయి. రేకు పొద్దున చిరిగితే సాయంత్రానికి మళ్లీ యంత్రం తిరగాలి. ఎవరు పోతారు లోపలికి? పొడుగు పట్టకారుతో ఏడు నిమిషాలు పట్టే పని నా వేళ్లతో యాభై సెకన్లలో అవుతుంది. "నీ చేతులు చిన్నవమ్మా, ఆ సందులో దూరతాయి. నీకున్న వాటం వీళ్లెవరికీ లేదు" అన్నాడు మేనేజరు. ఉబ్బిపోయాను. నువ్వు మడత పెడితేనే బట్టలు నలగవు అని చెప్పి ఇంటిల్లిపాది బట్టలూ నా మీదికి తోసిన మనుషుల మధ్య బతుకుతూ కూడా, ఆ మాట ఎక్కడిదో పోల్చుకోలేకపోయాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. డ్రెస్ మార్చుకునే గదిలో చేతులు కడుక్కునే తొట్టి పైన ఒక చెక్కకి ఎనిమిది మేకులు కొట్టి ఉంటాయి. మాకు ఛాతీకి ఒక బ్యాడ్జీ, వేలికి ఒక ప్లాస్టిక్ ఉంగరం ఇస్తారు. ఉంగరంలో పెసరగింజంత బిళ్ల, వేలికి ఎంత రేడియేషన్ డోసు తగిలిందో అదంతా దాచుకుంటుంది. మూడు నెలలకోసారి ఊరవతల ల్యాబుకి పంపితే వాళ్లు చదివి చెబుతారు. ఈ ఉంగరం సంగతి మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు "ఉంగరం ఇచ్చారంటే బంగారమేమో అనుకున్నా, ప్లాస్టిక్కా" అని అత్తయ్య మొహం చిట్లించింది. చల్లారకముందే లోపలికి పోవలసిన రోజున బ్యాడ్జీ, ఉంగరం తీసి మేకుకు తగిలిస్తాం. తీయమని ఎవరూ చెప్పరు. ఏ కాగితం మీదా ఉండదు. "చేతులు కడుక్కుని వెళ్లండి" అంటాడు మేనేజరు. అంతే, అందరికీ తెలుసు. డోసు హద్దు దాటితే ఏడాదంతా లోపలికి రానివ్వరు, డబ్బాలకి కాగితాలు అంటించే లేబుళ్ల బల్ల దగ్గర కూర్చోబెడతారు. పనిమంతుడికి అంతకన్నా అవమానం లేదు. అందుకని మేమే తీసి తగిలించాం. నేనూ తగిలించాను, ఏడేళ్లు. ఈ మాట ఎవరి మీదికో నెట్టడానికి లేదు.

మా అందరికన్నా సీనియరు ఒకాయన ఉన్నాడు. ప్రతి పనికీ "నిదానం, నిదానం" అంటాడని ఆయన పేరే నిదానం అయిపోయింది. నేను బాబాయ్ అంటాను. గేటు దగ్గర హాజరు వేసే వేలిముద్రల మెషిన్ ఆయన వేలిని ఒప్పుకోదు. పది వేళ్లూ పెట్టి చూశారు. గీతలు లేవు, నున్నగా ఉంటాయి. ఆయన కోసం విడిగా ఒక పుస్తకం పెట్టి సంతకం చేయించుకుంటారు. మేమంతా దాని మీద జోకులేసేవాళ్లం, దొంగతనం చేస్తే దొరకడు అని. పోయినేడు ఒక పొద్దున ఆ మెషిన్ నా బొటనవేలిని కూడా వద్దంది. తుడుచుకుని పెట్టాను. వద్దంది. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అప్పటికే వేళ్ల చివర్లు ఎండి పగుళ్లు వస్తున్నాయి, గోళ్ల మీద నిలువు గీతలు పడుతున్నాయి, నేనే పట్టించుకోలేదు.

కంపెనీ డాక్టరు నా చేతులు తిప్పి చూసి, కంప్యూటర్‌లో నా డోసుల రికార్డు తెరిచాడు. ఏడేళ్లూ దాదాపు సున్నాలు. "మీకు ఏమీ తగల్లేదమ్మా. గిన్నెలు తోమే సబ్బు పడటం లేదేమో, మార్చి చూడండి" అన్నాడు. ఆయన తప్పేముంది? కనపడ్డది చదివాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. మర్నాడు గుర్తుపెట్టుకుని వేరే సబ్బు తెచ్చాడు. నిమ్మవాసనది, ఖరీదైనది. తెచ్చి తొట్టి పక్కన, నా చేతికి అందేలా పెట్టాడు. గిన్నెలు నేను తోముతాను అనే మాట ఆయన బుర్రలోకి రాలేదు. నాకైతే ఆ సబ్బును చూస్తే కళ్లలో నీళ్లొచ్చాయి, ప్రేమకి కాదు.

సబ్బా, రేడియేషనా? నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారిని నా చేత్తో నేనే మేకుకు తగిలించాను. ఆ సబ్బుతో తోముతూ అదే ఆలోచించాను. ఇంట్లో చేసే చాకిరీని కొలిచే బిళ్ల ఎవరూ కనిపెట్టలేదు, అది సరే. ఉన్న ఒక్క బిళ్లనీ నేనెందుకు తీసి పెడుతున్నాను? ఎవరి మర్యాద కాపాడటానికి? మర్నాటి నుంచి ఉంగరం తీయలేదు. గ్లవుజు లోపల, బిళ్ల అరచేతి వైపు ఉండేలా, పుస్తకంలో చెప్పినట్టే పెట్టుకున్నాను. మూడు నెలలు. చల్లారకముందు తొమ్మిదిసార్లు పంపారు. తొమ్మిదిసార్లూ వేలికి అది ఉంది.

రిపోర్టు వచ్చింది. ఏడాది మొత్తానికి వేళ్లకు పెట్టిన హద్దు మూడు నెలల్లోనే దాటిపోయింది. కారణం రాసి పంపమని ల్యాబు వాళ్లు కంపెనీకి పదిరోజులు గడువిచ్చారు. మేనేజరు నన్ను గదికి పిలిచి టీ తెప్పించాడు. ఇన్నేళ్లలో ఆయన నాకు టీ తెప్పించడం అదే మొదలు, అప్పుడే భయమేసింది.

"అంత డోసు మనిషికి తగలదమ్మా. ఉంగరం హాట్ సెల్‌లో పడిపోయి ఉంటుంది. నువ్వు మరిచిపోయి ఉంటావు" అన్నాడు. హాట్ సెల్ అంటే మందు తయారయ్యే సీసం గూడు.

"పడలేదండీ. వేలికే ఉంది."

"తొందరపడకు. నిమ్మళంగా గుర్తు తెచ్చుకో."

మరిచిపోయానన్న సంగతి గుర్తు తెచ్చుకోమంటున్నాడు. తర్వాత టైపు చేసిన కాగితం ముందుకు జరిపాడు. ఉంగరాన్ని నా నిర్లక్ష్యం వల్ల లోపల మరిచిపోయాననీ, ఆ డోసు నాకు తగిలింది కాదనీ, దాన్ని నా రికార్డు నుంచి తీసేయమనీ. "సంతకం పెట్టలేదనుకో, ప్రభుత్వ తనిఖీవాళ్లు వస్తారు. వారాల తరబడి యంత్రం ఆగిపోతుంది. స్కాను కోసం రోగులు ఎదురుచూస్తుంటారమ్మా, పాపం కదా. నిన్ను కూడా ఏడాదంతా లేబుళ్ల దగ్గర కూర్చోబెట్టాలి. నీలాంటి చెయ్యిని అక్కడ కూర్చోబెట్టడం నాకిష్టమా?"

రోగుల మాట నన్ను పట్టుకుంది, నిజం చెప్పాలి. వారం రోజులు అదే మాట నమిలాను. ఆ కాన్సరు మనిషి ఎవరో, స్కాను గది బయట కుర్చీలో ఎంత భయంతో కూర్చుంటాడో అనుకున్నాను. తర్వాత ఇంకొకటి తట్టింది. ఆ మనిషికి ఇచ్చే మందుని మా దగ్గర మూడుసార్లు కొలుస్తారు. సీసం డబ్బా మీద ఎంతో రాస్తారు, టైము రాస్తారు, ఇద్దరు సంతకాలు పెడతారు. కొలవని చుక్క గేటు దాటదు. అతనికి ఎంత ఎక్కిందో అంత జాగ్రత్తగా చూసే చోట, ఆ మందు చేసే యంత్రంలో దూరే వేళ్లకు మాత్రం మేకు చూపిస్తారా? ఒక టార్గెట్ చల్లారేదాకా రెండోదాన్ని వాడుకునేలా ఇంకోటి కొని పెట్టుకుంటే సరిపోయే పని అని మేం ఎన్నిసార్లు చెప్పలేదు. పాపం నా ఉంగరానిది ఎలా అయింది?

నిన్న భోజనాల దగ్గర ఇంట్లో చెప్పాను. మా ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. "పెట్టెయ్. పోయేదేముంది? ఇంట్లో రోజుకి వంద ఒప్పుకుంటావు, నూట ఒకటోది ఒప్పుకోలేవా?" అని నవ్వాడు. సరదాకే అన్నాడు.

"ఆడది ఓ మెట్టు దిగితే తప్పేముందే? నేను దిగలేదా?" అంది అత్తయ్య.

"దిగితే మీకేం మిగిలింది అత్తయ్యా?" అన్నాను. ఎదురు చెప్పాలని కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

ఆవిడ కంచంలోకి చూస్తూ కాసేపు కలుపుకుంది. "ఏం మిగులుతుంది, ఈ నడుంనొప్పి" అంది. అని, నవ్వలేదు.

పొద్దున స్టవ్వు రుద్దుతుంటే పగుళ్లలోకి సబ్బు దిగి వేళ్లు భగ్గుమన్నాయి. నల్లటి అట్ట ఊడి రావడం లేదు. నాకు కోపం వచ్చింది. చాలాకాలంగా నేను కోపాన్ని అలసట అని పిలుస్తున్నాను, అది కూడా పొద్దునే తెలిసింది. స్టవ్వు సగంలో వదిలేసి చేతులు కడుక్కుని పనికి వచ్చేశాను.

వేలిముద్రల మెషిన్ ఈ రోజు కూడా నన్ను గుర్తుపట్టలేదు. నిదానం బాబాయ్ పుస్తకంలో సంతకం చేసి, పెన్ను నా చేతికిచ్చాడు. డ్రెస్ మార్చుకునే గది బయట ఆగి, అటూఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"సంతకం పెట్టేశావా?"

"లేదు బాబాయ్."

"పెట్టెయ్యమ్మాయ్. నాకు ఇరవై రెండేళ్లుగా సున్నా. సున్నాతో వచ్చాను, సున్నాతో రిటైరవుతా. ఏ గొడవా లేదు."

"మీ వేలిని గేటే గుర్తుపట్టడం లేదు. అదేం సున్నా?"

ఆయన చేతులు వెంటనే జేబుల్లోకి పోయాయి. నేను ఎక్కువ అన్నానేమో అనుకున్నాను. చివరికి, "ఆ తొమ్మిదిసార్లూ నీ వెనక రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకున్నది నేనే కదా. చూపించిన అంకెలు నా డైరీలో ఉన్నాయి. కావాలంటే రాసుకో. నా పేరు మాత్రం పెట్టకు" అన్నాడు.

"మీ పేరు పెట్టను. మీ వేళ్ల సంగతి మీరే రాసుకోండి" అన్నాను. ఆయన డైరీ తీసిచ్చాడు. మీటరు అంకెలకి తప్ప దాని అవసరం నాకు పెద్దగా లేదు. లోపలికి పోయినప్పుడల్లా నేను సెకన్లు లెక్కపెట్టుకుంటాను, పెదవులు కదలకుండా. ఒకటి, రెండు, మూడు. మొదటిసారి యాభై రెండు. నాలుగోసారి రేకు ఇరుక్కుంది, నూట పద్దెనిమిది. ఏడోసారి గ్లవుజు చిరిగింది, అరవై ఒకటి. ఇంట్లో ఎవరికి ఏ మాత్ర ఏ పూటో, పాపకి ఏ రోజు ఏ పుస్తకమో, ఆయన చొక్కా గుండీ ఏది వదులైందో గుర్తుపెట్టుకునే బుర్రే ఇది. ఆ ఇంట్లో అన్నీ గుర్తుండేది నా ఒక్కదానికే. అన్నీ మరిచిపోయినట్టు ఒప్పుకునేదీ నేనొక్కదాన్నే.

డైరీలోని మీటరు అంకెలు నా సెకన్ల పక్కన వేసుకున్నాను. టైపు చేసిన కాగితాన్ని తిరగేసి, వెనక ఖాళీవైపు నా చేతిరాతతో మొదలుపెట్టాను. "నేను ఏదీ మరిచిపోలేదు" అని మొదటి వాక్యం. తర్వాత తొమ్మిది తేదీలు. యంత్రం ఆపింది ఎన్నింటికి, నన్ను పంపింది ఎన్నింటికి, ఎవరి ఫోను వచ్చాక పంపారు, గిన్నె దగ్గర మీటరు ఎంత చూపించింది, నా వేళ్లు ఎన్ని సెకన్లు అక్కడ ఉన్నాయి. చెక్కకి ఎనిమిది మేకులు ఉన్నాయనీ, "చేతులు కడుక్కుని వెళ్లండి" అంటే ఏమిటో, నేను ఏడేళ్లు అలా కడుక్కున్నాననీ రాశాను. నా ఏడేళ్ల సున్నాలు అబద్ధమని నేనే రాస్తున్నాను. లేబుళ్ల బల్ల కనపడింది. రేపటి నుంచి నేను అక్కడ కూర్చుంటాను. రేకు మార్చే పని అంటే నాకు ప్రాణం, ఆ సందులో నా వేళ్లు తిరిగినంత సుళువుగా ఇంకెవరివీ తిరగవు, పోతుంది. పోనీ. వీళ్లు యంత్రం చల్లారేదాకా ఆగడం నేర్చుకుంటే అప్పుడు పిలుస్తారు, అప్పుడు పట్టకారు పట్టుకుని, ఉంగరం పెట్టుకుని పోతాను. సంతకం పెట్టి, పక్కన తేదీ వేసి, రెండు కాపీలు తీయించాను. ఒకటి ల్యాబుకి, ఇంకొకటి తనిఖీవాళ్లకి. రెండూ పోస్టు చేసి, అసలుది పట్టుకుని మేనేజరు గదికి వెళ్లాను.

ఆయన ముందు టైపు చేసిన వైపు చూసి, సంతకం లేదే అన్నాడు. తిప్పమన్నాను. తిప్పాడు. చదువుతున్నకొద్దీ నుదురు ముడిపడింది. చివరి వరుస దాకా వచ్చి మళ్లీ మొదటికి పోయాడు.

"ఇవన్నీ రుజువు చేయగలవా?"

"రుజువు ఆ ఉంగరంలో ఉందండీ, ల్యాబు చదివింది. మీరు దాన్ని కొట్టేయమని టైపు చేయించారు, నేను సంతకం పెట్టలేదు. కాపీలు పోస్టులో వేశాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కనపడింది. "నిమిషాలు, సెకన్లతో సహా. ఇంత ఎలా గుర్తుందమ్మా నీకు?"

"నేను మరిచిపోయే మనిషిని కాదండీ. ఈ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది కూడా మా ఆయనే" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. అర్థం కావలసిన వాళ్లకి సాయంత్రం ఇంటికెళ్లి చెప్తాను, స్టవ్వు ఇంకా సగమే తోమి ఉంది.